రిమోటు ఆమె చేతిలో, లైసెన్సు నా పేర

రేడియో లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా లైసెన్సు ఫ్రీక్వెన్సీ మీద నా భార్య బొమ్మ విమానము నడుపుటకు అనుమతి, జప్తు చేసిన రిమోటు వాపసు కోరుట గురించి.

వాచీలు బాగుచేసి బతికిన నేను మనవి చేసుకొనునది ఏమనగా, నా కుడిచేయి వణుకుచున్నందున ఈ అర్జీ నేను చెప్పగా నా భార్య వ్రాయుచున్నది. దస్తూరి బాగుండుటకు కారణమదే.

1. నేను అమెచ్యూర్ రేడియో లైసెన్సుదారుడను. ఆ ఫ్రీక్వెన్సీ మీద బొమ్మ విమానము నడుపుకొనవచ్చునని తమ నిబంధనయే చెప్పుచున్నది. తమరిచ్చిన గుర్తింపు అక్షరములు రిమోటు వెనుక అంటించియే ఉన్నవి.

2. చేయి వణుకుట మొదలైన నాటి నుండి విమానము కూడ వణికినది. ఒకసారి ముక్కు నేలకు గుచ్చుకొన్నది. పిమ్మట రిమోటు ఆమె పట్టుకొనును. నేను పక్కన నిలబడి ఎడమకు, పైకి, దించు అని చెప్పుదును. గత ఆదివారము తమ ఇన్‌స్పెక్టరు మైదానమునకు వచ్చి, "లైసెన్సు ఆయనది, నడిపేది మీరా? కుదరదమ్మా" అని రిమోటు పట్టుకుపోయిరి. విమానము దిగువరకు ఆగిరి, అందుకు కృతజ్ఞుడను.

3. ఆమెనే పరీక్ష వ్రాసి లైసెన్సు తీసుకొమ్మని తమ కార్యాలయపు సలహా. చేయి పోవుటే గోరుచుట్టు, ఈ సలహా రోకటిపోటు. ఆమె తెలివైనది, తప్పక ప్యాసగును. అటు పిమ్మట మైదానంలో నేనెందుకండీ? గొడుగు పట్టుకోవడానికా? దుకాణము మూసితిని. నా చొక్కా గుండీలు ఆమెయే పెట్టుచున్నది. కాఫీ సగము గ్లాసే పోయుచున్నది. వారమంతా ఆమె చెప్పును, నేను విందును. ఆదివారము ఒక్కటే నేను చెప్పుదును, ఆమె వినును.

(ఇది కూడా రాయాలా అని అడుగుచున్నది. వ్రాయమంటిని.)

4. నా సంతకము పాత సంతకముతో సరిపోలదు. మనిషిని నేనే.

కావున నేను చెప్పగా ఆమె నడుపుటను నేను నడుపుటగానే ఎంచి, జాలితో కాక న్యాయముగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(సంతకము)

మరొక మాట: అయ్యా, ఇది ఆయన చెప్పింది కాదు. సంతకం పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్లారు. ఈ మధ్య ఆయన చూపు కూడా మందగించింది. విమానాన్ని నేను తిప్పేశాక "ఎడమకు" అంటున్నారు. "చూశావా, చెప్పగానే ఎలా తిరిగిందో!" అని మురిసిపోతున్నారు. నేను ఔనంటున్నాను. మీ పరీక్ష నేను రాస్తాను. లైసెన్సు మాత్రం మా చెల్లెలి ఇంటికి పంపండి. ఆయనకు, అర్జీ మంజూరైందని ఒక్క ముక్క రాయండి.