పాట తెలియని ఎక్స్ఛేంజి

కోస్గి, 1999 ఆషాఢం, గురువారం

కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి మూడు రోజులైంది, నెట్ కలవడం లేదు. విండోస్‌ను నా చేతులతోనే చెరిపేశాను, ఇక వెనక్కి దారి లేదు. మోడెం నంబరు కొడుతుంది, అవతల ఉలుకూ పలుకూ ఉండదు. సాయంత్రం విసుగొచ్చి వైరు పీకబోతుంటే మంచం మీంచి అవ్వ ఆపింది.

“జర ఆగు బిడ్డా. పాత దాంట్ల నంబర్ కొడితే మన ఫోన్ చక్రం తిప్పినట్టు టకటకమనేది. గిది పాట పాడుతాంది. మన ఎక్స్ఛేంజికి పాట తెలుస్తదా?”

నిజమే! మా ఊరి పాత ఎక్స్ఛేంజికి టకటకలే అర్థమవుతాయి. పాట బదులు టకటకలతో నంబరు కొట్టేలా ఆ ఒక్క సెట్టింగు మార్చాను. మోడెం వానలా హోరుమని కలిసింది, వెంటనే నిశ్శబ్దం. లినక్స్ అప్‌డేట్ చుక్కచుక్కగా దిగసాగింది.

చూపు మసకబారాక అవ్వ ఇల్లంతా చెవులతోనే చూస్తోంది. కంటి దవాఖానకు తీసుకెళ్తానని ఎన్నాళ్ల నుంచి అంటున్నానో...

అప్‌డేట్ సగం దిగింది. అవ్వ మెల్లగా అడిగింది.

“గా వాన చప్పుడు మళ్ల రాదా బిడ్డా?”

మధ్యలో ఆపితే మొత్తం మొదటి నుంచే. ఆపేశాను. మళ్లీ నంబరు కొట్టించాను. టకటకలు అయిపోయి హోరు మొదలవగానే అవ్వ కిటికీ వైపు చెయ్యి చాపింది, తడుస్తుందేమోనన్నట్టు.