సేటు బతికినంత కాలం

సిద్దిపేట పట్టణంలో కోమటిచెరువుకు పోయే దారిలో సొంత ఇంట్లో కాపురముంటున్న, కీర్తిశేషులు కాశీనాథం గారి భార్య విమలమ్మ అను నేను, వయస్సు అరవై ఎనిమిది సంవత్సరాలు, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ ఎవరి బోధా లేకుండా నా చేతితో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. గుండెనొప్పి రెండుసార్లు వచ్చి పోయింది. మూడోసారి వచ్చి ఊరికే పోతుందన్న నమ్మకం లేక ఇప్పుడు రాస్తున్నాను.

నాకు మతి స్థిరంగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. కింది సంగతులు చదివాక ఆ కాగితం మళ్లీ ఒకసారి చూడాలనిపిస్తుంది. చూడండి. తేదీ కూడా చూడండి.

దీన్ని అమలు జరిపే బాధ్యత ఎదురింటి దామోదర్ సారుకు అప్పగిస్తున్నాను. ఆయన లెక్కల సారుగా రిటైర్ అయ్యారు, ఎవరి ఏడుపులకూ లొంగరు.

1. రెండు గదులు, వంటిల్లు, వెనక అర, మిద్దె మీద రేకుల గది, పెరడు, పెరట్లో మునగచెట్టుతో సహా ఈ ఇల్లు నా తదనంతరం నా ఏకైక కూతురు శైలజకు చెందాలి. అయితే మా కుందేలు సేటు బతికి ఉన్నంత కాలం ఈ ఇంటిని అమ్మడానికి గానీ, కుదువ పెట్టడానికి గానీ, కూలగొట్టి అపార్ట్‌మెంటు లేపడానికి గానీ ఆమెకు హక్కు లేదు. శైలా, ఇది చదివి నవ్వుకుంటావని తెలుసు. కుందేలు ఎన్నాళ్లు బతుకుతుందిలే, ఎనిమిదేళ్లో పదేళ్లో అని వేళ్ల మీద లెక్క వేసుకుంటావు. ఏడో అంశం చదివాక వేసుకో.

2. నా రెండు పేటల గొలుసు, గాజులు కూడా శైలజకే. వాటి మీద షరతు ఏమీ లేదు. నువ్వు అడిగినప్పుడే ఇవ్వాల్సింది, ఇవ్వలేదు. నాదే తప్పు.

నా గొల్లభామ చీర కొండవ్వకు ఇవ్వాలి. కొండవ్వది వేములఘాట్. ఊరు మల్లన్నసాగర్ నీళ్ల కింద పోయాక ఇటు వచ్చి, నాలుగేళ్లుగా సేటుకు పొద్దున్నే గడ్డి తెస్తోంది. ఆమె బతికినంత కాలం వెనక అరలో కిరాయి లేకుండా ఉండవచ్చు. ఆమెను ఎవరూ లేవగొట్టరాదు. ఒకసారి ఇల్లు పోయిన మనిషిని మళ్లీ లేవగొడితే మనకు పుట్టగతులుండవు.

3. మా మరిది రమాకాంత్‌కు మా స్టీలు సామాన్ల దుకాణం తాళం, రెండు తాళంచెవులతో సహా ఇస్తున్నాను. దుకాణాన్ని అన్న పోయిన ఏడాదికే ఆయన అమ్మేశారు కాబట్టి తాళం దేనికి వేసుకుంటారో ఆయన ఇష్టం.

4. సేటు అంటే ఎవరో తెలియనివారి కోసం రాస్తున్నాను. పదమూడేళ్ల కింద మనవరాలు ఉజ్వల ఆరో పుట్టినరోజుకు మా ఆయన ఒక కుందేలు పిల్లను కొని ఇచ్చారు. తెల్లది, వీపు మీద బూడిదరంగు మచ్చ. పదిహేను రోజులకే శైలజ దాన్ని బుట్టతో సహా తెచ్చి మా గడపలో పెట్టింది. “ఇల్లంత వాసనొస్తుంది బాపూ, వైర్లన్ని కొరికింది. నువ్వే ఉంచుకో” అన్నది. ఉజ్వల వాకిట్లో ఏడుస్తూ నిలబడింది. నేను నవ్వాను. ఆ నవ్వు కూడా నా ఖాతాలోనే ఉంటుంది.

మా ఆయన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఇక వదల్లేదు. దుకాణానికి తీసుకుపోయి గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి సేటు అని పేరు పెట్టారు. “సామాను అమ్ముకుంటవా, చెవులపిల్లిని సాదుకుంటవా?” అని బజారంతా నవ్వినా లెక్కచేయలేదు. ఒకరోజు షట్టరు దించుతుంటే దాని ఎడమ చెవి కొస చిక్కుకొని గోరంత ముక్క తెగింది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు దాన్ని చంకలో పెట్టుకొని భోజనానికి వచ్చేవారు. గడప దగ్గర దించగానే అది వెనక కాళ్లతో నేల మీద టప్పు టప్పుమని రెండు దెబ్బలు కొట్టేది. వచ్చామని చెబుతున్నదే అనేవారు ఆయన. భయమేసినప్పుడు కుందేళ్లు అట్లా కొడతాయని నాకు చాలా తర్వాత తెలిసింది.

5. మా ఆయన 2016లో పోయారు. మూడో నాడు పిట్టకు పెట్టినప్పుడు ఏం జరిగిందో చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. చెరువు కట్ట కింద విస్తరిలో సర్వపిండి, పప్పుచారు అన్నం, గ్లాసులో ఛాయ్, పక్కన పాన్ పెట్టి మేమంతా దూరం జరిగి నిలబడ్డాం. కాకులు తుమ్మచెట్టు మీద వరుసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. పిట్ట ముట్టలేదంటే పోయిన మనిషి మనసులో ఏదో మిగిలిందన్నమాట. ఆ మిగిలిందేదో ఊహించి, మేం చూసుకుంటామని పైకి మాట ఇవ్వాలి.

రమాకాంత్ ముందుకు వచ్చి “అన్నా, దుకాణం నేను మంచిగ నడిపిస్త. రంది పెట్టుకోకు” అన్నారు. కాకులు కదల్లేదు. ఆ మాట సంగతి మాకంటే ముందు వాటికే తెలిసినట్టుంది. శైలజ ఏడుస్తూ “బాపూ, అమ్మను నేను జూసుకుంట గదనే. తినరాదే” అన్నది. అయినా దిగలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఛాయ్ మీద మీగడ కట్టింది. ఇంటికి పోదామని అందరికీ ఉంది, ఎవరూ అనలేరు.

నాకు కోపమొచ్చింది. “నీ చెవులపిల్లిని నేనే సాదుత తీ! సచ్చేదాక సాదుత. ఇగనన్న తిను” అని అరిచాను. అన్నేళ్ల కాపురంలో ఆయనను నువ్వు అన్నది అదే మొదలు. మాట నోట్లో ఉండగానే మూడు కాకులు దిగాయి.

6. ఈ అంశంలో రాసేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాట ఇచ్చాను గానీ మనసులో పెట్టుకోలేదు. మిగిలిన అన్నమో, నాలుగు బిస్కెట్లో వేసి, సాదుతున్నాను కదా అనుకున్నాను. 2018 మే నెలలో చేర్యాలలో పెళ్లికి పోయాను. వైర్లు కొరుకుతుందని సేటును మిద్దె మీది రేకుల గదిలో పెట్టి, గిన్నెలో నీళ్లు పోసి తాళం వేశాను. రెండు రోజులకు ఏమైతదిలే అనుకున్నాను. వచ్చి తలుపు తీసేసరికి గిన్నె బోర్లపడి ఉంది. సేటు తలుపు సందుకు ముక్కు ఆనించి పడుకొని ఉంది. తలుపు కింది చెక్క జానెడు మేర కొరికి ఉంది. ఆ గదిలోంచి పెద్దగా ఏడవలేని జీవి ఎంతసేపు నేలను కొట్టిందో నాకు తెలియదు. పక్కింటివాళ్లు మాత్రం, నేను అడగకుండానే, “నిన్న పగటీలి మీ ఇంట్ల ఎవరన్న తలుపు కొట్టిన్రా?” అని అడిగారు.

మా ఆయన తువాలలో మూట కట్టి, పైన ముడి వేసి, మునగచెట్టు కింద పూడ్చిపెట్టాను. ఆ వారంలోనే ఎండాకాలం సెలవులకు ఉజ్వల వస్తోంది. రాగానే సేటు ఏదని అడుగుతుంది. అందుకని మరునాడు సంతకు పోయి, పావురాలూ గిన్నెకోళ్లూ అమ్మే అతని దగ్గర అదే రంగు, వీపు మీద అదే మచ్చ ఉన్న పిల్లను వెతికి తెచ్చాను. చెవులు రెండూ నిండుగా ఉన్నాయి.

అవును, కత్తెర తీసుకున్నాను. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. అది నా వేళ్లు నాకింది. నా వల్ల కాలేదు. కత్తెరను కుట్టుపెట్టెలో పెట్టి తాళం వేశాను.

7. మూడోరోజు పొద్దున దాని ఎడమ చెవి కొసన గోరంత ముక్క లేదు. నెత్తురు లేదు, పుండు లేదు. తెగినచోట వెంట్రుకలు ఎప్పుడో పాతకాలం నాడే మొలిచినట్టు ఉన్నాయి. కుట్టుపెట్టె తాళం వేసినట్టే ఉంది. ఉజ్వల వచ్చి దాన్ని ఎత్తుకొని, ఆ చెవిని ముద్దుపెట్టుకొని “అమ్మమ్మా, సేటు నన్ను గుర్తువట్టిండు” అన్నది. ఆ మధ్యాహ్నం ఒకటిన్నరకు అది తనంతట తానే గడప దగ్గరికి పోయి కూర్చుంది. రెండు దెబ్బలు కొట్టి, బయటి నుంచి ఎవరో వస్తే దారి ఇచ్చినట్టు పక్కకు జరిగింది. ఆ రోజు నుంచి ఒక్క మధ్యాహ్నం తప్పలేదు.

పెరడంతా తవ్వుతుంది, మునగచెట్టు కింద మాత్రం తవ్వదు. అక్కడ కాళ్లు ముడుచుకొని కూర్చుంటుంది.

అప్పట్లో గోళ్లు తీయించడానికి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే పళ్లు చూసి ఏడాది పిల్ల అన్నారు. ఏడేళ్లయింది. పోయిన నెల అదే డాక్టరు మళ్లీ పళ్లు చూసి “ఏడాది పిల్ల గద. కొత్తగ తెచ్చిన్రా?” అన్నారు. కొండవ్వకు నేనేమీ చెప్పలేదు. ఆమె ఒకరోజు గడ్డి వేస్తూ వేస్తూ ఆగి, “అమ్మా, గిది తిన్నది ఒంటికి పడ్తలేదు. ఎవలికో పోతున్నది” అన్నది.

శైలా, ఇప్పుడు లెక్క వేసుకో.

8. సేటు పోషణకు నా బ్యాంకు డిపాజిట్ మీద వచ్చే వడ్డీ వాడాలి. కానీ డబ్బుతో తీరేది తక్కువ. ఎండుగడ్డి ఎప్పుడూ దాని ముందు ఉండాలి. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలి అరగదీసుకోకపోతే నోరు మూయలేదు. పచ్చగడ్డి కడిగి ఆరబెట్టి వేయాలి. అన్నం, రొట్టె, బిస్కెట్ వద్దు. నేను పెట్టి చూశాను, చాలు. క్యారెట్ పండగనాటి మిఠాయి అనుకోండి. ఒక పూట తినకపోతే రేపు చూద్దాం అనకుండా అప్పుడే దవాఖానకు తీసుకుపోవాలి. ఇక్కడి డాక్టరు వల్ల కాకపోతే బుట్ట ఒళ్లో పెట్టుకొని హైదరాబాద్ బస్సెక్కాలి, కండక్టరు చేత నాలుగు మాటలు పడాలి. ఎండాకాలం కూలరు ముందు ఉంచి, గడ్డకట్టిన నీళ్ల సీసా తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి. చెవులు పట్టి ఎత్తరాదు. రేకుల గది తలుపు నేను తీయించేశాను, మళ్లీ పెట్టరాదు.

ఊరికి పోతే నమ్మకమైన మనిషిని పెట్టి పోవాలి, లేదా పోకూడదు. మా చెల్లెలు కొండపాకలో పోయినప్పుడు, కొండవ్వ ఇంకా రాని రోజులవి, శవం లేవకముందే ఇంటికి బయల్దేరి ఒకటిన్నరకు గడప దగ్గర ఉన్నాను. చుట్టాలు ఇప్పటికీ నాతో మాట్లాడరు. వాళ్లది తప్పు కాదు.

ఇంత రాశాక భయంతోనే సాదాననుకుంటారు. మొదట భయమే. తర్వాత ఎప్పుడో అది నా పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కినా కదపలేదు. అప్పటి నుంచి భయమూ ఉంది, ప్రేమా ఉంది. నాకు అదంటే ప్రాణం.

9. మా ఆయన తువాల ఉజ్వలకు ఇస్తున్నాను. అది బీరువాలో ఉంది. మీలో ఎవరో ఒకరు మునగచెట్టు కింద తవ్వి చూస్తారని తెలుసు. అక్కర్లేదు, పోయిన నెల పశువుల డాక్టరు దగ్గరి నుంచి వచ్చాక నేనే తవ్వాను. నేను ముడి వేసి పాతిన మూట అక్కడ లేదు. తువాల ఉంది, నాలుగు మడతలు పెట్టి. ఆయన స్నానం చేసి వచ్చి పెట్టే మడత అది. మన్ను అంటలేదు. లోపల ఎముక కాదు కదా, వెంట్రుక కూడా లేదు. సేటు నా వెనకే కూర్చొని చూస్తోంది.

10. నా దహనం మీకు తోచినట్టు చేయండి. పిట్టకు పెట్టే నాడు మాత్రం ఇది గుర్తుంచుకోండి. కాకి దిగకపోతే బంగారం గురించో ఇంటి గురించో చెప్పి నన్ను బతిమాలవద్దు. నాకు కావాల్సిన మాట ఏదో మీకు తెలుసు. ఆ మాట అనాల్సింది ఉజ్వల ఒక్కతే. చదువు అయ్యేదాకా కొండవ్వ చూస్తుంది, కానీ కొండవ్వదీ నా వయసే. సేటు ఆమె తర్వాత కూడా ఉంటుంది.

ఉజ్జూ, నీకు పంతొమ్మిదేళ్లు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ ముందున్నాయి. నువ్వు ఏ ఊళ్లో ఉన్నా మధ్యాహ్నం ఒకటిన్నరకు అది నీ గడపలో కూర్చుంటుంది. నీకు ఇష్టం లేకపోతే ఏమీ అనకుండా నిలబడు. విస్తరి అట్లాగే ఉండనీ. నేను ఆకలికి ఓర్చుకుంటాను, నీ మీద నాకు కోపం రాదు.

అందరూ చూస్తున్నారనో, ఎండ పడుతోందనో, కాకి దిగితే ఇంటికి పోవచ్చనో మాత్రం ఆ మాట అనకు. నేను అట్లాగే అన్నాను. మాట తప్పినందుకు మీ తాత నన్ను తిట్టలేదు, కల్లోకి కూడా రాలేదు. సేటును మళ్లీ పంపించారు, అంతే.

నువ్వు తప్పినా అది మళ్లీ వస్తుంది. అప్పుడు పంపేది నేను.

పైన రాసినదంతా నేను రాసి, చదువుకొని, సరిగా ఉందని ఒప్పుకొని సంతకం చేస్తున్నాను.

సిద్దిపేట, 2025 నవంబరు 12, బుధవారం, మధ్యాహ్నం ఒకటిన్నర.

(సంతకం) విమలమ్మ

విమలమ్మ గారు మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు, మేము ఆమె ఎదుట సంతకాలు చేశాము. సంతకం మధ్యలో ఆమె కలం ఆపి, లేచి పోయి వీధి తలుపు తీసి వచ్చారు. బయట ఎవరూ లేరు.

సాక్షులు:
1. ప్రమీలాదేవి, రిటైర్డు నర్సు, పక్కిల్లు
2. మల్లేశం, దస్తావేజుల లేఖరి, సిద్దిపేట