చిన్న రైల్లో బీడీల చాట

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ కూతురు అడిగిందని పొద్దున బావతో సహా అందరం పల్లెల మీదుగా పోయే పాత చిన్న రైలెక్కాం. సాయంత్రానికి బీడీలు అప్పజెప్పాలని అమ్మ అందులోకీ చాట తెచ్చింది. గాలికి చాటలోని బీడీ ఆకంతా ఎగిరిపోయింది. పిల్ల నవ్వింది. బావ దాని జుట్టు పట్టి తలను కిటికీ కమ్మికి కొట్టాడు, నిన్ను కొట్టినట్టే.

నీకు "సర్దుకో బిడ్డా" అని చెప్పిన అమ్మ, ఆకు కత్తిరించే కత్తెరను అతని చేతిలో దించింది.

"బస్! ఇడువురా! ఒకదాన్ని నీకిచ్చి సంపుకున్న!"

రక్తం నా చీర మీద పడింది.

ఇప్పుడు నిన్ను బావ దగ్గరికి వెనక్కి పంపిన గడపలోనే అమ్మ చాట పెట్టుకుని, ఇంట్లో మిగిలిన ఆకు కత్తిరిస్తూ కూర్చుంది. పిల్ల లోపల నిద్రపోతోంది. ఇందాక బావ పిల్ల కోసం వచ్చాడు. అమ్మ తలెత్తలేదు, కత్తెర ఆపింది. అతను తిరిగిపోయాడు.

ఇంత తేలికని అప్పుడు మాకెవరికీ తెలియలేదే, అక్కా.