అత్త పాట వెనక గుయ్‌మనే మోత

పుంగనూరు,
జూన్ 1998

ప్రియమైన అన్నకు,

కుప్పం బస్సులో నువ్వు పంపిన మిక్సరు, మైకు, హెడ్‌ఫోను, టేప్‌డెక్కు భద్రంగా చేరాయి. వాటిని చూసి మా అత్త వెంకటమ్మ, "ఇంట్లో మైక్‌సెట్టు యాలమ్మా, ఎవురి పెండ్లి?" అంది. నీ పాటల కోసమే అన్నాను. పైకి విసుక్కుంది గానీ, కొప్పు సరిచేసుకుని వచ్చి మైకు ముందు కూర్చుంది.

అత్త గొంతులో గడ్డ సంగతి నీకు తెలుసు కదా. వచ్చే నెలలో మదనపల్లెలో ఆపరేషన్. తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. ఈ ఊళ్ళో ఎవరికి నలుగు పెట్టినా పాడేది ఆమే. ఆ పాటలు ఎక్కడా రాసి లేవు, ఆమె నోట్లోనే ఉన్నాయి. ఆలోపే టేపు చేసుకోవాలని నా ఆరాటం.

తీరా వింటే పాట వెనక గుయ్‌మని ఒకటే మోత. "నేను పాడతాంటే తేనెటీగలు వంత పాడతాండాయా?" అంది అత్త. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏం చేయాలో వెంటనే రాయి.

నీ చెల్లెలు,
కమలాక్షి


కుప్పం

అమ్మా కమలా,

బెంబేలు పడొద్దు. పెళ్ళిళ్ళకు మైక్‌సెట్లు కట్టే నాకు ఆ మోత దగ్గరి చుట్టం. మిక్సరు ప్లగ్గు ఒక గదిలో, డెక్కు ప్లగ్గు ఇంకో గదిలో పెట్టి ఉంటావు. రెండూ ఒకే బోర్డులో పెట్టు. మైకు వైరు కరెంటు వైర్లకు దూరంగా లాగు. మోత తగ్గుతుందని ఎవరన్నా చెప్పినా ఎర్తు పిన్ను మాత్రం పీకొద్దు, షాకు కొడుతుంది.

అప్పటికీ పోకపోతే హెడ్‌ఫోను చెవులకు పెట్టుకుని ట్యూబ్‌లైటు, ఫ్యాను, ఫ్రిజ్ ఒక్కొక్కటే ఆపుతూ విను. ఏది ఆపితే చప్పుడు పోతుందో అదే దొంగ.

నా పెళ్ళిలో మీ అత్త నన్ను ఆటపట్టించిన పాట మొదట టేపులో పట్టు. మీ వదిన ఇప్పటికీ అదే పాడి నన్ను ఏడిపిస్తోంది.

మీ అన్న,
ముద్దుకృష్ణ


పుంగనూరు

ప్రియమైన అన్నకు,

ఒకే బోర్డులో పెట్టగానే గుయ్‌మనే మోత పోయింది. దాని కింద ఇన్నాళ్ళూ దాక్కున్న టిక్కు టిక్కుమనే చప్పుడు బయటపడింది. ఇంట్లో అన్నీ ఆపాను. చివరికి మిగిలింది దేవుని గూట్లో రంగులు మారే కరెంటు దీపం. రంగు మారినప్పుడల్లా ఒక టిక్కు.

స్విచ్చి మీద చెయ్యి వేశానో లేదో అత్త పట్టేసుకుంది. "దాని జోలికి పోవద్దమ్మా. ఆపరేషనై ఇంటికొచ్చేదాకా దీపం ఆరనీనని మొక్కుకొని ఉండాను." నూనె దీపమైతే గాలికి ఆరుతుందని మా ఆయన చేత ఈ కరెంటు దీపం కొనిపించిందట. కరెంటు పోతే ఆరదా అంటే, "అది కరెంటోళ్ళ పాపం" అంది.

గొంతు బాగుండాలని పెట్టిన దీపమే ఆ గొంతుకు అడ్డం పడుతోంది. ఆ మాట ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు. అసలే ఆపరేషనంటే భయపడుతోంది. రోజులు దగ్గర పడ్డాయి, ఏం చేయమంటావు?

నీ చెల్లెలు,
కమలాక్షి


కుప్పం

అమ్మా కమలా,

నువ్వేమీ చెప్పకు. హెడ్‌ఫోను తీసి ఆమె చెవులకే పెట్టు. పాట ఆమెది, మొక్కూ ఆమెది. ఏం చేయాలో ఆమెనే తేల్చుకోనీ.

మీ అన్న,
ముద్దుకృష్ణ


పుంగనూరు,
ఆగస్టు 1998

ప్రియమైన అన్నకు,

ఆసుపత్రి తిరుగుళ్ళలో పడి జవాబు రాయలేదు, కోపగించుకోకు.

నువ్వు చెప్పినట్టే చేశాను. అత్త టేపు విని, దీపం వైపు చూసింది. తర్వాత కాళ్ళు కడుక్కుని వచ్చి గూట్లో నూనె దీపం వెలిగించింది. మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, "దేవరాజులూ, ఇది ఆరిందా, నీ పని సూస్తా" అంది. అప్పుడు తన చేత్తోనే స్విచ్చి ఆపింది. "నేను మొక్కింది దీపానికి, రంగులకు కాదులే." ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. పాటలన్నీ పాడేసింది, టేపులో ఆమె గొంతు తప్ప ఇంకేమీ లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ ప్రమాదకరమైంది కాదన్నారు, బతికిపోయాం. మాట మాత్రం గుసగుసగానే వస్తోంది. మెల్లగా తేరుకుంటుందట, పాట సంగతి ఇప్పుడే చెప్పలేరట.

ఇంటికి రాగానే టేపు పెట్టమంది. నేను ఏడుస్తూ వింటుంటే ఆమె ముఖం చిట్లించింది. ఒక పాటలో ఒక చరణం వదిలేసిందట. దగ్గరికి పిలిచి నా చెవిలో చెప్పింది. నేను పాడాను. "ఆడ కాదు, ఇంకా పైకి" అన్నట్టు వేలు లేపింది. కుదిరేదాకా వదల్లేదు.

నిన్న కురబలకోట నుంచి పెళ్ళివాళ్ళు నలుగు పాటలకు పిలవడానికి వచ్చారు. ఆమె వచ్చే పరిస్థితి లేదని నేను చెప్పబోతుంటే, ముందుకు వంగి తాంబూలం అందుకుంది. "మా కోడలు పాడతాది" అంది గుసగుసగా. నన్నొక మాటైనా అడగలేదు. నాకు భయంగానే ఉంది అన్నా, అయినా పోతున్నాను.

నీ చెల్లెలు,
కమలాక్షి