చన్నీళ్ల రొట్టె

కిష్టారెడ్డిపేట,
ఆదివారం.

అమ్మకు నీ పెద్దకూతురు రమణ దండాలు పెట్టి రాస్తున్నది. మేమిద్దరం బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాన్న చుట్టలు తగ్గించారా? ఫోన్లో నీకు సరిగా వినపడదు కదా, తమ్ముడితో చదివించుకుంటావని రాస్తున్నాను.

మీ అల్లుడు బొల్లారం మందుల కంపెనీకి షిఫ్టు బస్సులో వెళ్లొస్తున్నారు. నాకు వంటపని దొరికిందన్నానే, అది హాస్టల్ కాదమ్మా. మనసు బాగా దెబ్బతిని, ఇంట్లో ఒంటరిగా వదలాలంటే భయమేసే ఈడొచ్చిన పిల్లలు రెండు మూడు వారాలుండి, కుదుటపడి వెళ్లే ఇల్లు. డాక్టరమ్మ వస్తుంది, నర్సమ్మ ఎప్పుడూ ఉంటుంది. కత్తులన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఉల్లిపాయ తరగాలన్నా నేను తాళంచెవి అడుక్కోవాలి! మొదట్లో ఒళ్లు మండేది, ఇప్పుడు అలవాటైంది. నువ్వు మాత్రం దిగులు పడకు, పిల్లలు బంగారాలు.

మూడు వారాల కింద గుమ్మడిదల వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పదహారేళ్లుంటాయి. పేరు రాయను, ఇక్కడి పిల్లల పేర్లు బయట చెప్పకూడదు. నాలుగు రోజులు మాటా లేదు, రెండు ముద్దలకు మించి తిండీ లేదు. ఇలాగే ఉంటే పెద్దాసుపత్రిలో చేర్చక తప్పదని డాక్టరమ్మ అంది. నాకు ఏడుపొచ్చింది.

జొన్నరొట్టె అయితే తింటుందేమోనని వాళ్లమ్మ ఫోన్లో చెప్పింది. మన వైపు జొన్నరొట్టెలు ఎవరు చేశారు? చపాతీ పిండిలాగే చన్నీళ్లు పోసి కలిపేశాను. తట్టబోతే ముక్కలు. మళ్లీ కలిపాను, మళ్లీ ముక్కలే. మూడోది పెనం మీద విరిగింది. వంటింటి గడప దగ్గర కూర్చున్న ఆ పిల్ల ఇక ఓర్చుకోలేకపోయింది.

"గట్ల కాదక్కా! ఉడుకు నీళ్లు పొయ్యాలె. గింత గూడ తెల్వదా? మా అమ్మ సూస్తే తిడ్తది నిన్ను."

గబుక్కున నర్సమ్మను కేకేశాను. నర్సమ్మ పరుగున వచ్చి, "జెర పక్కకు జరుగు రమణమ్మా, ఆమెను చెయ్యనియ్యి" అని తను పొయ్యి పక్కనే నిలబడింది. పిల్ల ఉడుకు నీళ్లు పోసి, పిండి పిసికి, టపటపా తట్టింది. తన రొట్టెలు రెండు తింది. నావి చూసి "ఇవి కోళ్లకెయ్యి" అంది! అమ్మా, ఆ రోజు నాకు పండగే.

ఆసుపత్రి మాట మళ్లీ రాలేదు. రోజూ వంటింట్లోనే, నన్ను తిడుతూనే! మెల్లగా డాక్టరమ్మతోనూ మాట్లాడింది. మొన్న గురువారం వాళ్లమ్మ డ్యూటీకి సెలవు పెట్టి వచ్చి తీసుకెళ్లింది. ఇక డాక్టరమ్మకు చూపించుకోవడానికి అప్పుడప్పుడు వస్తే చాలట.

తమ్ముడు వచ్చేటప్పుడు చోడిపిండి పంపు, ఇక్కడ రాగిపిండి అంటారులే. ఈ పిల్లలకు మన అంబలి రుచి చూపించాలి. అత్తకూ తాతకూ నా దండాలు. నాతోపాటు ఆ పిల్లనూ దీవించు, దీపం పెట్టేటప్పుడు తలుచుకో.

నిన్న నారాయణఖేడ్ వైపు నుంచి ఇంకో అమ్మాయి వచ్చింది. గోడవైపు తిరిగి కూర్చుంటుంది. నా రొట్టెలు ఇప్పుడు గుండ్రంగానే వస్తున్నాయమ్మా. అయినా ఈ ఉదయం పిండిలో కావాలనే చన్నీళ్లు పోశాను. రొట్టె విరిగింది. పిల్ల తల తిప్పి చూసింది. రేపూ చన్నీళ్లే పోస్తాను.

నీ చేతి దీవెన కోరుకునే
నీ కూతురు
రమణ