పగడపు గోడలో బెల్లం

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. జెద్దా పాతబస్తీలో, మనం కొత్తగా వచ్చినప్పుడు నువ్వు పనిచేసిన పగడపురాళ్ల ఇంటికే నన్ను మరమ్మతు పనికి పంపారు. ఇప్పుడది రక్షిత కట్టడం. పైన పూసిన సిమెంటు చెక్కుతుంటే, కిటికీ కింద చేటంత సున్నపు పూత బయటపడింది. ఒక్క పగులూ లేదు. ముక్క తీసి ల్యాబుకు పంపారు.

పొద్దున మా హైదరాబాదీ ఇంజినీరు సాబ్ కాగితం పట్టుకొచ్చాడు.

"ఈ సున్నంల షక్కర్ ఉన్నదట! ఎవరు కలిపిన్రో ఏమో. వందేండ్ల కింది పని గావచ్చు, ముట్టకుండ్రి. నీకేమన్న ఎరుకనా?"

సున్నంలో బెల్లపు నీళ్లు పోసేది మన ఊరి మేస్త్రీలే కదా. అప్పట్లో అక్క పంపిన బెల్లం రెండు రోజుల్లో మాయమైతే, ఎలుకలు తిన్నాయని అక్కకూ నాకూ చెప్పావు. నేను గదంతా బోన్లు పెట్టాను. ఒక్కటీ పడలేదు. ఎందుకా అని ఇన్నేళ్లూ అనుకున్నాను.

నిజం చెబితే, పాతది కాదని నీ పనిని కూడా చెక్కేస్తారు.

"పాతదే సార్" అన్నాను.

పక్క గోడకు సున్నం పూసే పని నా వంతుకు వచ్చింది. మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేసి బెల్లం పంపమన్నాను.

"పంపుత గని పైలంరా, ఎలుకలు తింటయి" అంది.