అమ్మ సూది మానేసింది

రాజోలు,
12-8-2008

తమ్ముడు ఏడుకొండలుకి అక్క దీవెనలు.

మస్కట్‌లో నువ్వు కులాసా అని తలుస్తాను. ఫోనులో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

షుగరుకి ఇన్సులిన్ అక్కర్లేదు, కషాయం చాలని ఇంటర్నెట్‌లో చూసి నిరుడు బావగారికి మెయిల్ పెట్టావు కదా. ఆయన దాన్ని అమలాపురం నెట్ సెంటరులో ప్రింటు తీయించి తెచ్చారు. అప్పటికి మన తోటకి నల్లి పట్టి కొబ్బరికాయకి ధర లేదు. "సూదుల డబ్బు మిగిలితే మన కావ్య కాలేజీ ఫీజుకి సరిపోద్దే," అని సంబరపడ్డారు. సూది మానేసి కషాయం పట్టారు, ఫీజు కట్టారు. కాలికి లేచిన పుండు మాత్రం మానలేదు. కాకినాడలో కాలు తీసేసినా మనిషి దక్కలేదు. నువ్వు ఆయన మంచికోరే పంపావు, నాకు తెలుసు.

ఇప్పుడు అమ్మ కూడా సూది వద్దంటోంది.

"సంపాదించేవాడు పోయేడు, నాకెందుకే ఈ ఖర్చు? ఆ కషాయం కాచి ఇయ్యి."

"ఆయన దాంతోనే పోయేరమ్మా."

"అది అతని రాత. నా కొడుకు పంపింది తప్పెలా అవుద్దే?"

డబ్బు పంపమనడం లేదు, మందు నేనే కొంటాను. ఇవాళ కాళ్లు పట్టుకుని ఒక సూది వేయించాను. రేపు ఒప్పుకుంటుందో లేదో. ఇది అందగానే ఫోను చేసి, నువ్వు పంపింది తప్పని, బావగారు అందువల్లే పోయారని నీ నోటితో అమ్మకి చెప్పు. ఏడుపొస్తే ఏడువు తమ్ముడూ, కానీ చెప్పు.

అక్క